ఎడమ తెర మీద సిగ్నళ్ళు

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. కొత్తవలస నుంచి కొండల్లోకి పోయే లైను మీద ఖాళీ వ్యాగన్లు పైకి తీసుకెళ్ళడం, ఇనుప ఖనిజం నింపినవి కిందకి దింపడం, ఇరవై ఏళ్ళ పైబడి అదే పని. కాగితాల్లో లోకో పైలట్ అని రాస్తారు గానీ మా వీధిలో ఆయన డ్రైవరుగారే. ఆయనకున్నది ఒక్కటే కోరిక, పాసింజరు బండి నడపాలని. "ఖనిజానికేటి తెలుస్తాది, నువ్వు ఎలా నడిపినా పడుంటాది. మనుషులైతే అలాక్కాదే. కుదుపు లేకుండా ఆపితే ఒళ్ళో నిద్దరోతన్న పిల్ల లెగదు, సూడు, అదీ నడపడమంటే" అనేవాడు.

నేను ఇంజినీరింగ్ మూడో ఏడు పూర్తిచేసి వేసవి సెలవులకి ఇంటికొచ్చేసరికి ఆ కోరిక గుమ్మం దాకా వచ్చి ఉంది. ప్రమోషన్ల జాబితాలో నాన్న పేరు పడింది. మెడికల్ ఒక్కటే మిగిలింది. కళ్ళు, చెవులు, గుండె అన్నీ చూసి సరే అంటే పాసింజరు ఇస్తారు. కాదంటే ఉన్న గూడ్సు కూడా దింపేసి ఏ ఆఫీసు బల్ల దగ్గరో కూర్చోబెడతారు. అమ్మ రోజూ ప్రార్థనలో దాన్ని గుర్తు చేస్తూనే ఉంది, దేవుడు మరిచిపోతాడేమోనన్నట్టు.

అప్పుడు నాన్న నన్ను ఒకటి అడిగాడు. మా ఇంట్లో కంప్యూటర్ మీద రైలు నడిపే ఆట ఒకటి ఉండేది. అచ్చం ఇంజను లోపల కూర్చున్నట్టే ఉంటుంది, సిగ్నళ్ళూ వేగ నియమాలూ అన్నీ అసలువాటిలాగే. దాన్ని మూడు తెరల మీద చూపించమన్నాడు. "కేబిన్‌లో కూకుంటే ముందరొక్కటేనేటి కనిపించేది? రెండు పక్కలా కనిపిస్తాది. అలాగుండాల. అలవాటు తప్పకూడదు కదే, పాసింజరంటే."

అడగక అడగక అడిగాడు కదా అని ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. విజయనగరంలో ఒక నెట్ సెంటర్ ఎత్తేస్తుంటే మూడు పాత మానిటర్లు తెచ్చాను. మా దగ్గరున్న గ్రాఫిక్స్ కార్డు రెండు తెరలకి మించి బొమ్మ ఇవ్వదు. మూడో దానికి అలాంటిదే ఇంకో కార్డు పక్కనే బిగించి, రెంటినీ ఒక చిన్న పట్టీతో కలపాలి. ఆ రెండో కార్డు కాలేజీలో ఒక సీనియర్ వాడి వదిలేసింది. సగం ధరకొచ్చింది, సగం జబ్బులతో వచ్చింది.

బిగించిన రోజే గొడవ మొదలైంది. రైలు స్టేషన్ దాటేలోపు మూడు తెరలూ టప్పున ఆరిపోయేవి. రెండు కార్డులకి సరిపడా కరెంటు ఇచ్చే శక్తి మా పాత ఎస్‌ఎంపీఎస్‌కి లేదు. అది మార్చాను. తర్వాత వేడి. రెండు కార్డులూ ఇరుకు బెంచీ మీద మనుషుల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పైదానికి గాలి ఆడదు. సీపీయూ తలుపు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. మే నెలలో ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటర్‌కి పెడితే అమ్మ ఊరుకుంటుందా? "ఇల్లు పీకి పందిరేస్తన్నారు తండ్రీకూతుళ్ళు. నానూ మనిషినే, నాకూ ఉక్కపోస్తాది" అంది. అన్నదే గానీ ఫ్యాను జోలికి రాలేదు.

మొత్తానికి ఆట నడిచింది. అదొక సంబరం. నాన్న డ్యూటీ లేని మధ్యాహ్నాల్లో అన్నం తిని ఆ కుర్చీలో కూర్చునేవాడు. కుడిపక్కన స్టూలు మీద అమ్మని కూర్చోబెట్టేవాడు, అసిస్టెంటుగా. బండిలో వాళ్ళకొక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు గట్టిగా చెప్పాలి, రెండోవాళ్ళు చెయ్యెత్తి అదే మాట తిరిగి చెప్పాలి. నోటితో అంటే నిద్ర తూగదని, ఇద్దరూ చూసినట్టు రుజువవుతుందని. అమ్మ ఒళ్ళో చేటలో మునగాకు దూస్తూ "డబల్ ఎల్లో" అనేది. నాన్న చెయ్యెత్తి "డబల్ ఎల్లో" అనేవాడు. "గ్రీను." "గ్రీను." పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంత ఏకాభిప్రాయంతో మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మొదటి ఫిర్యాదు ఒక శుక్రవారం వచ్చింది. అమ్మ చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనకి వెళ్ళింది. నేను లోపలి గదిలో ఉన్నాను.

"ఒసే గుంటా, ఇలా రా. నీ కార్డు స్తంభాలు గీయట్లేదే."

"ఏ స్తంభాలు?"

"సిగ్నల్ స్తంభాలే. ఎడమ తెర మీద ఏటీ ఉండదు, ఉన్నట్టుండి ఊడిపడతన్నాది. అప్పటికి దాటిపోతన్నాను."

కార్డు మీద భారం ఎక్కువైతే దూరంగా ఉన్న వస్తువుల్ని ఆలస్యంగా గీయడం మామూలే. పైగా ఆ ఆటలో నాన్నకి నచ్చిన దారి కొండదారి, అంతా వంపులే. తిన్నని దారిలో సిగ్నల్ నడి తెర మీద ఎదురుగా వస్తుంది. బండి ఎడమకి తిరిగే వంపుల్లో మాత్రం ముందు ఎడమ తెర మీదే కనిపిస్తుంది. ఎడమ తెర ఉన్నది ఆ సెకండ్ హ్యాండ్ కార్డు మీద. దొంగ దొరికాడనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది వేశాను. పట్టీ తీసి తుడిచి పెట్టాను. రెండు కార్డుల్నీ పైది కిందకి, కిందది పైకి మార్చాను. ఎడమ మానిటర్ తీసి కుడిపక్క పెట్టి, కుడిది ఎడమకి తెచ్చాను. వైర్లు మార్చాను. ఏం మార్చినా నాన్న మాట ఒకటే, ఎడమ తెర మీద స్తంభాలు రావట్లేదు. నేను కూర్చుని నడిపితే ప్రతి స్తంభమూ, దాని మీద నంబరుతో సహా కనిపిస్తోంది. చెమట్లు కారుతూ సీపీయూ పెట్టెలో తల దూర్చి ఉండీ ఉండీ నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు కనిపిస్తోంది కదా నాన్నా!"

"నువ్వు కూకున్నప్పుడు బానే ఉంటాది. నాను కూకుంటేనే ఏటో అయిపోతన్నాది."

"అవును మరి, కార్డుకి నీ మీద పగ. ఆడలేక మద్దెల ఓడని!"

మామూలుగా అయితే దానికి రెండింతలు తిరిగిచ్చేవాడు. మాటలో మా నాన్నని గెలిచినవాళ్ళు మా చుట్టాల్లో లేరు. ఆ రోజు మాత్రం లేచి పెరట్లో కుళాయి దగ్గరికెళ్ళి, కళ్ళజోడు కడుక్కుని, లుంగీతో తుడుచుకుని, మళ్ళీ కడిగాడు. నేను ఎక్కువ మాట్లాడానేమో అనుకున్నానే గానీ, అంతకు మించి తట్టలేదు.

తట్టింది మర్నాడు బట్టలు ఆరేస్తుంటే. మా లాబ్‌లో ఒక మాట చెప్పేవారు, తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్కటే మార్చుకుంటూ పో, మార్చకుండా మిగిలిపోయినదాన్ని అనుమానించు అని. కార్డులు మార్చాను. తెరలు, వైర్లు, సాఫ్ట్‌వేర్ మార్చాను. తప్పు దేంతోనూ కదల్లేదు, ఎడమ పక్కనే కూర్చుంది. ఇంకేం మిగిలిందా అని ఆలోచిస్తే ఇంకో సంగతి గుర్తొచ్చింది. అమ్మ పక్కన ఉన్న రోజు ఈ ఫిర్యాదు ఒక్కసారీ రాలేదు. అమ్మ ప్రార్థనకో బజారుకో వెళ్తేనే వస్తోంది. ముందు నవ్వొచ్చింది, అమ్మ ఉంటే కార్డుకి కూడా భయమేనని. ఆ నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

బకెట్ పక్కనే కింద కూర్చుండిపోయాను. కొన్ని నెలలుగా నాన్న మోటారు సైకిల్ తియ్యడం మానేశాడు, మోకాలు నొప్పన్నాడు. బజార్లో నడిస్తే నన్ను ఎప్పుడూ తన ఎడమ పక్కకి లాక్కునేవాడు. ఎదిగిన ఆడపిల్లనని బళ్ళకి అడ్డంగా నిలబడి కాపాడుతున్నాడనుకుని లోపల్లోపల మురిసిపోయాను. అన్నం దగ్గర మంచినీళ్ళ గ్లాసు ఎడమ చేతి వైపు పెడితే ప్రతిసారీ చెయ్యి తగిలి ఒలికిపోయేది, అమ్మ తిట్టేది.

కాకూడదని ఎంతగా అనుకున్నానో చెప్పలేను. ఆ పూట అమ్మ ఇంట్లో లేదు, రాజాం నుంచి వచ్చిన తన చెల్లెల్ని బస్సెక్కించడానికి వెళ్ళింది. "రా నాన్నా, కార్డు బాగైంది, నేను కూర్చుంటాను అసిస్టెంటుగా" అని పిలిచాను.

వచ్చి కూర్చున్నాడు. బండి కదిలింది. "గ్రీను" అన్నాను. "గ్రీను." "ఎల్లో." "ఎల్లో." తిన్నని దారిలో అన్నీ సరిగ్గానే చెబుతున్నాడు, ఒకటి రెండుసార్లు నాకంటే ముందే. ఆశ పుట్టింది. వంపు మొదలైంది. ఎడమ తెర మీద కొండ పక్కనుంచి స్తంభం బయటికొచ్చింది. దాని మీద ఎర్ర దీపం. ఎర్రగా, స్పష్టంగా, గుడ్డివాడికి కూడా కనబడేంత ఎర్రగా అని నోటిదాకా వచ్చి, ఆ మాట మింగేశాను.

"గ్రీను" అన్నాను.

నాన్న చెయ్యెత్తాడు. "గ్రీను."

బండి ఎర్ర దీపాన్ని దాటుకుని పోయింది. ఆటలో గంట మోగి, తెర మీద తప్పు నడిపావని అక్షరాలు పడ్డాయి. నాన్న వాటిని రెండుసార్లు చదువుకున్నాడు. చదివి తల మొత్తం ఎడమకి తిప్పి, ఆ తెర వంక చూశాడు.

"తప్పు సెప్పినావే" అన్నాడు.

"నువ్వు చూడలేదు నాన్నా."

"అసిస్టెంటు తప్పు సెప్తాడేటే ఎక్కడైనా? అలాగ సెప్పకూడదు. మనుషులు సచ్చిపోతారు." అంత కోపం నా మీద ఎప్పుడూ చూపించలేదు. "ఇది కార్డుదే. రెండో కార్డు తీసి పారీ. సెప్తన్నాను కదా, కార్డుదే."

"సరే, తీసేస్తాను. బండిలో ఏం తీస్తావు? అక్కడ కూడా పక్కవాడు చెప్పిందే చెబుతున్నావా?" అని అరిచాను. అరిచి ఏడ్చాను. నాకు కోపమొచ్చినా ఏడుపే వస్తుంది, అదొక దరిద్రం.

ఆయన మెల్లిగా, నాతో కాకుండా ఎవరితోనో అన్నట్టు మాట్లాడాడు.

"నాకూ అనుమానంగానే ఉన్నాది. అందుకే మూడు తెరలు పెట్టమన్నాను, ఇంట్లో సూసుకుందారని. కనిపించకపోతే నువ్వు కార్డుదే తప్పని సెప్తావని సూసినాను. ఇన్ని మార్చినావు. ఒక్కసారైనా సెప్తావనుకున్నాను."

అలా చెప్పి ఉంటే బాగుండేదని ఆ క్షణంలో నిజంగా అనిపించింది. ఒక్క అబద్ధంతో ఆయన కోరుకున్నది ఆయనకి ఇచ్చేయొచ్చు. ఆ తర్వాత పాసింజరులో ఒళ్ళో పిల్లలతో కూర్చున్నవాళ్ళ సంగతేమిటి?

తర్వాత కళ్ళ డాక్టరు దాన్ని నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడికి నరం ఎండిపోతుందట. నల్లగా ఏమీ కనబడదట, ఉన్న వస్తువు లేనట్టుగా ఉంటుందట. ఎడమ కన్ను చాలా మటుకు పోయింది, కుడి కంటిలో ముక్కు వైపు చూపు పోవడం మొదలైంది. మనిషికి తెలియకుండానే జరుగుతుందని, తెలిసేసరికి ఆలస్యమవుతుందని, ఇంకొన్నాళ్ళు ఆగితే రెండోది కూడా దక్కేది కాదని ఓదార్పుగా చెప్పాడు. ఆ ఓదార్పు మా ఇంట్లో ఎవరికీ పనికి రాలేదు.

కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఆగిపోయిన తెరల ముందు అలా కూర్చుని ఉండగానే అమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూ మా మొహాలు చూసి, "ఏటయినాది? మళ్ళీ పాడైపోనాదేటి?" అంది. అంతలో నాన్న ఫోన్ మోగింది. ఆ మోత మా ఇంట్లో అందరికీ తెలుసు, డ్యూటీకి పిలుపు. అమ్మ ఇంకేమీ అడక్కుండా చీర కొంగు దోపుకుని కేరేజీ కట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఇంజను రొదకి అలవాటుపడ్డ నాన్న ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు, అందుకని అన్నీ వినబడ్డాయి.

"గురువుగారూ, కొండ బండి ఉన్నాది. బేగి వచ్చీండి."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రాలేను బాబూ. ఒంట్లో బాలేదు."

అవతల డ్యూటీలు వేసే కుర్రాడు ఒక క్షణం నమ్మలేదు. ఇన్నేళ్ళలో నాన్న పిలుపు కాదనడం అతను విని ఉండడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో, జొరమేటండీ? సరే, సిక్కు లీవు రాసీస్తాను. ఎన్ని రోజులు రాయమంటారు?"

నాన్న ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"రోజులు కాదు బాబూ. నాకు సిగ్నళ్ళు కనిపించట్లేదు. ఇంక నన్ను పిలవొద్దు."