మెట్టు మీది ముబీనా, మూతున్న లేజరు

తెనాలిలో చాలా వంటిళ్ళలో ముబీనా చేతిరాత ఉంటుంది. బిందె మెడ మీద, క్యారేజీ మూత మీద, కంచం అంచు మీద. పెళ్ళికిచ్చినా గృహప్రవేశానికిచ్చినా స్టీలు సామాను మీద ఇచ్చినవాళ్ళ పేరు ఉండాల్సిందే కదా, ఆ పేర్లు వేసేది ఆమె. పున్నారావు గారి సామాన్ల షాపులో అందరికీ కుర్చీలున్నాయి, ఆమెకు లేదు. పెళ్ళయిన కొత్తలో షాపు మెట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్న మనిషి, కూతురికి పెళ్ళి చేశాక కూడా ఆ గోనెసంచి మీదే ఉంది. వచ్చేపోయేవాళ్ళ చెప్పులు మోకాలికి తగులుతుంటే కాస్త పక్కకు జరిగేది. కుర్చీ ఎన్నడూ అడగలేదు. "లోపల చోటెక్కడుందమ్మా" అంటారని ఆమెకు ముందే తెలుసు.

పేర్లు వేసే కరెంటు పెన్ను గిర్రున వణుకుతూ స్టీలును గీరుతుంది. ఆ వణుకు ఏళ్ళ తరబడి ఆమె చేతిలోకి ఎక్కింది. మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. తర్వాత చలికాలం పొద్దుల్లో తెల్లగా పాలిపోయేవి. జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కూడా కష్టమైంది.

"ఆ పెన్ను మానెయ్యాలమ్మా. లేకపోతే వేళ్ళు ఇక మాట వినవు" అన్నాడు డాక్టరు.

ఆ వారంలోనే ఒక గంగాళం మీద "బహూకరించినవారు" అన్న మాట వంకర పోయింది. పున్నారావు గారు కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. "ఇట్లాగైతే కష్టం ముబీనా. ఎవరన్నా కుర్రాణ్ణి చూసుకోవాలేమో" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. చేతిని కాపాడుకుంటే పని పోతుంది, పని చేస్తే చెయ్యి పోతుంది.

రేపల్లెలో సెల్‌ఫోన్లు బాగుచేసే అక్క కొడుకు ఫరూక్‌తో ఫోనులో ఈ గోడు చెప్పుకుంది.

"ఖాలా, నువ్వు ముందు రైలెక్కు! చేతిలో పట్టుకునే లేజరొచ్చింది, టార్చి అంత ఉంటది. అగ్గిపుల్ల అంటుకుద్ది, బెలూన్ పేలుద్ది, చెక్క మాడిపోద్ది. వణుకుడే ఉండదు!"

సంచిలో ఒక చిన్న స్టీలు కంచం పెట్టుకుని ముబీనా రేపల్లె వెళ్ళింది. ఫరూక్ ఫోనులో రకరకాల టార్చీలు చూపించాడు. చూపుడు వేలు మాత్రం ఒక్కదాని మీదే ఆగింది.

"అన్నిటికన్నా గట్టిగా కాల్చేది ఇదే. కొంటే ఇదే కొనాలి. బిర్యానీకని వెళ్ళి ముక్కల్లేని కుష్కా తిని వస్తామా?"

స్నేహితుడి దగ్గర్నుంచి అలాంటిదే ఒకటి తెచ్చి పెట్టాడు కూడా. కంచం బల్ల మీద పెట్టి టార్చి ఎత్తబోయాడు.

"ఆగరా" అంది ముబీనా.

ఏ గిన్నె పట్టుకున్నా ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి, మెరుపు ఎటు కొడుతుందో చూసుకోవడం ఆమె అలవాటు. లేకపోతే ఎండ తిరిగొచ్చి కళ్ళలో పడుతుంది. ఇప్పుడూ కంచం తిప్పింది. ట్యూబులైటు వెలుగు ముక్క గోడ మీద పాకి, ఫరూక్ బుగ్గ ఎక్కి, కంట్లో పడింది. వాడు మొహం తిప్పుకున్నాడు.

"ట్యూబులైటుకే మొహం తిప్పావు. చెక్కని మాడ్చేది ఎక్కడికి పోద్దిరా?"

"కళ్ళజోడిచ్చాడుగా" అంటూ ఎర్ర ప్లాస్టిక్ అద్దాలు తీశాడు.

"ఇది ఏ వెలుగునాపుద్దో రాశాడా?"

"...లేదు."

"డబ్బా మీద పవరెంతో?"

ఫరూక్ డబ్బా తిప్పి తిప్పి చూశాడు. "'చాలా పవర్‌ఫుల్' అని ఉంది."

"పెళ్ళికి ముందు మా అత్త గురించి అంతకన్నా వివరంగా చెప్పారురా! చెయ్యి ఇచ్చింది చాలు. కళ్ళు కూడా ఇవ్వాలా?"

ఫరూక్ మూతి ముడుచుకుని టార్చిని డబ్బాలో పెట్టేశాడు. టీ తాగాక తనే చెప్పాడు: బాపట్లలో బిందుమాధవి అనే ఆవిడ ఇంట్లోనే నేమ్‌ప్లేట్లు చేస్తుందట, లేజరు మిషనుతోనే.

తర్వాతి ఆదివారం ఇద్దరూ బాపట్ల వెళ్ళారు. ఆ మిషను పెద్ద పెట్టెలా ఉంది, పైన ముదురురంగు అద్దపు మూత. లోపల పెట్టిన స్టీలు పలక మీద నల్లటి అక్షరాలు ఒక్కొక్కటే తేలుతున్నాయి.

"మూత తీస్తే లేజరు ఆరిపోద్దక్కా, కంటికి తగలదు. నాకు నచ్చింది అదే" అంది బిందుమాధవి. "మీరు నడపండి. ఏం పేరు వేద్దాం?"

ముబీనా సంచిలోంచి కంచం తీసింది. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ వేసింది కానీ ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు. తను తెచ్చిన కంచం మీద తన పేరే వేసుకుంది. వేస్తున్నంతసేపూ మూత మీద చెయ్యి ఉంచి చూసింది. వణుకు లేదు.

"కుర్రాణ్ణి కాదన్నయ్యా, మిషను చూడండి. మూతున్నది. నేనే నడుపుతా" అని సోమవారం పున్నారావు గారితో చెప్పేసింది. ఆయన కొన్నాళ్ళు నసిగారు. కానీ షాపుకొచ్చినవాళ్ళు సామాను చూడకముందే "ముబీనా ఉందా?" అని అడగడం ఆయనకు రోజూ వినపడేదే. మిషను వచ్చింది.

బిగించడానికొచ్చినతను మెట్టు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ దుమ్మండి, పాడైపోద్ది. లోపల ఫ్యాను కింద పెట్టాలి."

ఆ సాయంత్రానికల్లా కుక్కర్లు అటకెక్కాయి. లోపల చోటొచ్చింది. మిషనుకు బల్ల వచ్చింది. బల్ల ఎత్తుకు తగ్గట్టు ఒక కుర్చీ కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ మనిషి మీద పడ్డ దుమ్ము ఎవరికీ కనపడలేదు. మిషను మీద పడుతుందనగానే షాపంతా కదిలింది.

ముబీనాకు ఆ లెక్కలు పట్టలేదు. వేళ్ళు పూర్తిగా తేరుకోలేదు గానీ పాలిపోవడం తగ్గింది, హుక్కు పెట్టుకోగలుగుతోంది. మధ్యాహ్నం ఫ్యాను కింద వీపు ఆనించి, తన పేరున్న కంచంలోనే అన్నం తింటోంది.

"కుర్చీలో కూర్చుంటే నిద్రొస్తంది అన్నయ్యా" అని పున్నారావు గారినే ఆటపట్టిస్తోంది.

ఈసారి మీరు బిందె మీద పేరు వేయించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆ పేరు వేసే మనిషి ఎక్కడ కూర్చున్నారో ఒక్కసారి చూడండి. మెట్టు మీదైతే, గల్లాపెట్టె దాకా వినపడేట్టు ఒక కుర్చీ అడగండి. కొనేవాళ్ళు అడిగితే చోటు దొరుకుతుంది. ఆ కుర్చీ వేసేదాకా మీ బిందె ఇవ్వకండి.