గొర్రెల కురుమయ్య పేపరు

పొట్టేలును కొనేముందు కురుమయ్య దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నడుము నొక్కుతాడు, చివరికి నాలుగడుగులు నడిపిస్తాడు. అక్షరమ్ముక్క రాదు. అయినా పట్నంలో ఫుట్‌బాల్ ఆడే మేనల్లుడి పేరు కోసం రోజూ చౌటుప్పల్ హోటల్లో పేపరు చదివించుకుంటాడు. నెల రోజులుగా అందులో ఇంకో కుర్రాడి గొప్పలే, వాడి ఫోటోలే. 1959 వేసవిలో ఒక పొద్దున దేశం తరఫున ఆడే జట్టు పేర్లు వచ్చాయి.

“మీ పోరని పేరు లేదు కురుమయ్యా. గీ ఫోటో పిలగాన్నే తీసుకున్నరు,” అన్నాడు హోటలు అంజయ్య.

కురుమయ్య కోప్పడలేదు. గొంగడి భుజానికెత్తుకుని, పేపరందుకుని, ఫోటోను బొటనవేలితో పైనుంచి కిందికి తడిమాడు. ఫోటో ఛాతీ దగ్గరే ఆగిపోయింది. పేపరు తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

“కాళ్లేయి అంజన్నా? నడిపిచ్చి చూడకుంటనే తీసుకున్నరా?”