బిడ్డ కోసం ఇంట్లో ఉండిపోయిన మా వదిన

నిన్న పొద్దున కుక్కర్ మూత పెడుతుంటే అన్న ఫోన్ చేశాడు.

"జయా, వదిన పోయింది" అన్నాడు.

"ఏ వదిన?" అని అడిగాను.

నాకున్నది ఒక్క వదినే.

ముందురోజు సాయంత్రమే మదురై ఆస్పత్రి మంచం మీద నుంచి నాతో వీడియో కాల్‌లో మాట్లాడింది. మాస్క్ తీసి నవ్వింది. "రెండు దినాల్లో ఇంటికి వచ్చేస్తా" అంది. న్యుమోనియా అన్నారు, మందులు పనిచేస్తున్నాయన్నారు. తెల్లారేసరికి లేదు.

ఇప్పుడు కోవిల్‌పట్టిలో అన్నయ్య ఇంట్లో కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను. తమిళనాడులో పుట్టి పెరిగిన మనవాళ్లలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ. అయినా ఆమెతో మాట్లాడిన భాషలోనే రాయాలనిపించింది. చదవడం రానివాళ్లకి పక్కనున్నవాళ్లు చదివి వినిపించండి.

మా వదిన రాజేశ్వరి ఒకటో తరగతి టీచర్.

అటెండెన్స్ తీసుకునేటప్పుడు పిల్లల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి మెడ మీద చెయ్యి పెట్టి చూసేది. ఒళ్లు వేడిగా ఉంటే వెంటనే వాళ్లమ్మకి ఫోన్. ఒంట్లో బాగాలేని మన పిల్లల్ని బడికి పంపాలా అని అడిగినా ఆమె జవాబు ఒకటే.

"ముక్కు కారతా ఉన్నా బిడ్డ ఆడుకుంటా ఉంటే పంపు మా. జొరమో వాంతో ఉంటే పంపొద్దు. మాత్ర ఏసి జొరం దించి పంపితే, మద్యాన్నానికి నా క్లాసులో మళ్లా కాలతాది."

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లే తల్లులు వెంటనే రాలేరు. వాళ్లని ఒక్క మాట అనేది కాదు. తన టేబుల్ పక్కన చాప వేసి బిడ్డను పడుకోబెట్టుకుని, మిగిలినవాళ్లకి గొంతు తగ్గించి పాఠం చెప్పేది.

అదే ప్రశ్న ఒకరోజు ఆమె గడపలోకే వచ్చింది.

నా మేనకోడలు హరిణి అప్పుడు రెండో తరగతి. అన్న లారీ లోడుతో ఉత్తరాదికి వెళ్లాడు. చుట్టాల ఇంట్లో పెళ్లని నేను విరుదునగర్ నుంచి వచ్చి ఉన్నాను. శనివారం, ఆదివారం పిల్లకి బాగా జ్వరం. సోమవారం పొద్దునకి ఒళ్లు చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాం.

ఆరోజు స్కూల్లో ఇన్‌స్పెక్షన్. ఎవరికీ లీవు లేదని ముందే చెప్పేశారు.

హరిణి తనే లేచి యూనిఫాం వేసుకుంది. "నేను వస్తా మా. నాకు ఏమీ లేదు" అంది. వదిన ఇద్దరికీ టిఫిన్ డబ్బాలు కట్టింది.

షూ వేసుకోవడానికి గడప మీద కూర్చున్న పిల్ల మళ్లీ లేవలేదు. ఒక షూ చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిద్రపోయింది.

"నేను చూసుకుంటా, నువ్వు పో వదినా" అన్నాను.

వదిన పిల్ల చేతులు పట్టుకుని చూసింది. కడుపు మీద నొక్కింది. హరిణి నిద్రలోనే మూలిగింది.

"జొరం దిగిన బిడ్డ ఆకిలి అనల్ల జయా. ఇది నీళ్లు కూడా అడగలే. ఇది తగ్గిన మాదిరి లేదు."

స్కూల్‌కి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. అవతలి గొంతు నాకూ వినిపించింది. ఈరోజు రాకపోతే ఇక రానవసరం లేదన్నారు.

"సరి సార్" అని పెట్టేసింది.

ఆటోలో పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో డెంగ్యూ అన్నారు. జ్వరం దిగాకే అసలు ప్రమాదమట. సాయంత్రం దాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ అన్నప్పుడు, వదిన వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

హరిణి బతికింది. వదిన ఉద్యోగం పోయింది.

తర్వాత విరుదునగర్‌లో ఒక స్కూల్లో చేరింది. రోజూ బస్సులో రాకపోకలు. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి అన్నం తినేది. పదిహేనేళ్ల చుట్టరికం ఆ భోజనాల దగ్గరే స్నేహమైంది. నా మొగుడి మీద కంప్లెయింట్లు, ఆమె మొగుడి మీద కంప్లెయింట్లు. పక్కింటికి వినపడేలా నవ్వుకునేవాళ్లం.

ఈ నెల మొదట్లో దగ్గు పట్టుకుంది. పిల్లలకి పరీక్షలు ముగియనీ అంది. తర్వాత జ్వరం. మాత్ర వేసుకుని బస్సెక్కేది.

పోయిన వారం మా ఇంట్లో ఒక్క ముద్ద కూడా దిగలేదు. చాప మీద వాలిపోయి, బెల్ టైమైందని లేచి చీర సర్దుకుంది.

నాకు కోపం వచ్చింది. "నీ క్లాసులో పిల్ల ఇట్లా వస్తే ఏం చేస్తావు టీచరమ్మా?" అన్నాను.

"వాళ్లమ్మకి ఫోన్ చేస్తా" అంది. చెప్పులు వేసుకుంటూ నవ్వింది. "నాకు ఎవరికి చేసేది?"

వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది.

నిన్న సాయంత్రం ఆమె చదువు చెప్పిన పిల్లలు అమ్మల చేతులు పట్టుకుని వచ్చారు. కొందరికి మీసాలు కూడా వచ్చాయి. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన ఒకామె వదిన కాళ్ల దగ్గర కూర్చుని లేవనే లేదు. ఎవరని నేను అడగలేదు.

ఇందాక హరిణి వాళ్ల నాయన దగ్గరికి వచ్చి నిలబడింది. ఇప్పుడు ఏడో తరగతి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నాయనా, రేపు పరీచ్చ ఉండాది. నేను పోవాల్నా?"

అన్న జీవితమంతా లారీలోనే గడిపాడు. ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అలవాటుగా వంటింటి వైపు చూశాడు. తర్వాత పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

"వద్దు మా. ఇంట్లో ఉండు. నేనూ యాడికీ పోను."

పోయి రా వదినా. నువ్వున్న చోట నీకు నిమ్మళం దొరకాలి.