ఎర్ర బల్బు వెనక గది

సిద్దిపేట కాలేజీలో నా పని విరగ్గొట్టడం. గాజు గొట్టంలో పలచగా పారే ఆవిరి మీద లేజర్ కొడితే అణువు ముక్కలవుతుంది. ముక్కకు జతలేని ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుంది. అది ఒంటరిగా ఉండలేదు. రెప్ప వాల్చేలోపే దొరికినవాళ్లను పట్టుకుని ఇంకేదో అయిపోతుంది. ఆలోగా మరో కాంతికిరణం పంపి, అదెంతసేపు బతికిందో చూస్తాను. నేనైతే ఒంటరిగా ఏడాది బతికాను. ఆ లెక్కన నాది గట్టి పదార్థమే.

కిరాయి గది ప్రజ్ఞాపూర్‌లో. రోజూ అక్కడే బస్సెక్కుతాను, ప్రజ్ఞ మాత్రం నాతో ఎక్కదు.

లేజర్ నడుస్తున్నంతసేపు స్టాఫ్ రూమ్ దగ్గర ఎర్ర బల్బు వెలగాలని, వెలిగినంతసేపు ఎవరూ నా తలుపు తట్టకూడదని నియమం పెట్టింది నేనే. కళ్లకు ప్రమాదం కదా. ఆ బల్బు నాకు కనపడదు. వెనక మెట్ల మీంచి వచ్చి, వెనక మెట్ల మీంచే పోతాను. మధ్యాహ్నం గోడ అవతల డబ్బాలు విప్పిన చప్పుడు, నవ్వులు వినిపించేవి. ఒక్కనాడూ ఎవరూ పిలవలేదు. నేనంటే గిట్టదనుకున్నాను. పరీక్షలయ్యాక ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకున్నాను.

ఒక మధ్యాహ్నం గొట్టంలోంచి గాలి లాగే పంపు ఆగిపోయింది. వెంటనే ఎవరో తలుపు తట్టారు. ఫిజిక్స్ మేడం.

“సార్, బల్బు బందైంది. మంచిగున్నరా?”

“నేను బాగానే ఉన్నాను. పంపుకే బాగాలేదు.”

“పంపుకు, బల్బుకు ఏం సంబంధం సార్?”

ఇద్దరం వెళ్లి చూశాం. ఎలక్ట్రీషియన్ బల్బు వైరును లేజర్‌కు కాకుండా పంపు స్విచ్చికి కలిపాడు. పంపు పొద్దున వేస్తే సాయంత్రం దాకా ఆగదు.

“అయ్యో! పిలుద్దమంటె ఎప్పుడు జూసినా ఎర్రగనే ఉండె. సార్‌కు తినే తీరికె లేదనుకున్నం. రాండ్రి, ఇయ్యాల మాతోని తినున్రి.”

వెళ్లాను. ఉర్దూ సార్ తన డబ్బాలోంచి ఖీమా వడ్డించి, “రోజంత గాడ ఏం జేస్తరు సార్?” అన్నాడు. చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“గంత జల్ది మాయమైతదా? మరి దానికోసం గన్ని గంటలు కూసుంటరా?”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బెల్లు కొట్టగానే క్లాసులకు లేచారు. నాకు క్లాసు లేదు. ఖాళీ కుర్చీల మధ్య మిగిలిన అన్నం నెమ్మదిగా తిన్నాను.

మర్నాడు వైరు సరిచేయించి, మధ్యాహ్నం లేజర్ ఆపి ఎదురుచూశాను. నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరూ రాలేదు. ఏడాది పాటు పిలవకపోవడం అలవాటైనవాళ్లు ఒక్కరోజులో ఎలా మారతారు? కాసేపు ముఖం ముడుచుకున్నాను. చూసేవాళ్లు లేక అదీ మానేశాను. డబ్బా పట్టుకుని వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

“కుర్చి జరుపున్రి,” అంది మేడం. “సార్ అచ్చిండు.”