వినపడలేదని చెప్పిన రోజు

ఆ రోజు ముత్తంగిలో ఒక కాన్పు చేసి, తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారని చూసుకుని, వాకిట్లో నీళ్ల గోలెం దగ్గర చేతులు కడుక్కున్నాను. దగ్గు వచ్చింది. నెల రోజులుగా వస్తున్నదే. కొంగు అడ్డం పెట్టుకుని, తీసి చూస్తే తెల్లచీర మీద ఎర్రటి మరక. కాన్పు నెత్తురేమో అని సర్దిచెప్పుకోబోయాను. కానీ నోట్లో ఉప్పగా తగిలింది.

ఇది అరవైల చివరి సంగతి. మాది తెనాలి వైపు పల్లె. గుంటూరులో మిడ్‌వైఫ్ ట్రైనింగ్ పూర్తిచేసి, నర్సుల కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కిన ఏడాదే నాకు పెళ్లయింది. మా ఆయన వెంకట్రావుకి హైదరాబాద్ దగ్గర రామచంద్రాపురం వైపు కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో టర్నరు పని దొరకడంతో ఇటు వచ్చి స్థిరపడ్డాం. పటాన్‌చెరు హెల్త్ సెంటర్‌లో నాకు పోస్టింగ్ ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్లకు కాన్పులకు వెళ్లేటప్పుడు ఆయా బాలమ్మ నాతో వచ్చేది. ఆ రోజూ నా పక్కనే ఉంది.

"ఏందమ్మా అది?" అంది.

"ఏం లేదు. గొంతు గీరుకుంది."

"నెల సంది సూస్తున్న. వేరేటోళ్లు గిట్ల దగ్గితే దవాఖానకు పొమ్మని నువ్వే ఒర్రుతవు. మరి నీకెవరు జెప్పాలె?"

చెప్పినా వినలేదు. ఇంకా పదకొండు రోజులు దాచాను. ఆ పదకొండు రోజుల్లో మూడు కాన్పులు చేశాను. పసికందుల మొహాల మీదికి వంగి ఊపిరి వదిలాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. కానీ ఇది దాచి మిగతాది రాస్తే నా అనుభవం అనిపించుకోదు.

పన్నెండో రోజు సంగారెడ్డి పెద్దాసుపత్రికి వెళ్లాను. కళ్లె పరీక్షకు స్ప్యూటం ఇచ్చాను, ఎక్స్‌రే తీశారు. టీబీ డాక్టరు గారు పెద్దవారు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకి పెట్టి చూపించారు.

"స్ప్యూటం పాజిటివ్ వచ్చింది. కుడిదిక్కు ఊపిరితిత్తిల పైన క్యావిటీ ఉన్నది, బొక్క లెక్క, గిదిగో. ఘబరాయించకు. దవాయి పూర్తిగ తీసుకున్నోళ్లకు పోతది. నడుమల ఆపినోళ్లకే మళ్ల తిరగబడతది."

"మరి నేను ముట్టుకున్న పిల్లలు?" అని అడిగాను.

ఆయన ఫిల్మ్ పక్కన పెట్టి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. "పేర్లు యాదికున్నయా?"

అక్కడే బెంచీ మీద కూర్చుని రాశాను. దగ్గు మొదలైనప్పటి నుంచి నేను వెళ్లిన ఇళ్లన్నీ, ఊరు, ఇంటాయన పేరు, కాన్పయిన వారం. మా సెంటర్ డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని ప్రతి ఇంటికీ మనిషిని పంపారు. అన్ని ఇళ్ల నుంచీ కబురు రావడానికి మూడు నెలలు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చివరి కబురు వచ్చేదాకా నా జబ్బు గురించి నాకు భయం వేయడానికి తీరిక లేదు.

సిక్ లీవు పెట్టాను. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, ఐఎన్‌హెచ్ మాత్రలు, పీఏఎస్ బిళ్లలు. ఆ పీఏఎస్ గుప్పెడు గుప్పెడు మింగాలి. కడుపులో దేవినట్టు ఉండేది, ఒక్కోసారి మింగింది మింగినట్టే బయటికి వచ్చేది. అరగంట ఆగి మళ్లీ మింగేదాన్ని. క్వార్టర్‌లో వెనకగది నాది. మా పద్మకు అప్పుడు నాలుగేళ్లు. గడప దాటి రావద్దంటే గడప మీదే కూర్చుని బొమ్మకు జడ వేసేది. మా ఆయన డ్యూటీకి వెళ్లేముందు వంట చేసి, నా కంచం విడిగా ఉడకబెట్టి వెళ్లేవారు. "ఏడాదిన్నరే కదా. లెక్కపెట్టకు, మింగు," అనేవారు.

రెండు నెలలకు దగ్గు తగ్గింది. ఒళ్లు పట్టింది. అప్పుడే చెవుల్లో మోత మొదలైంది. కుక్కర్ ఆవిరి వదులుతున్నట్టు సన్నగా, ఆగకుండా. తర్వాత నడుస్తుంటే నేల తూగేది, గోడ పట్టుకుంటేగానీ పెరట్లోకి వెళ్లలేకపోయేదాన్ని. ఇంజక్షన్ వేసే కంపౌండర్‌తో ఒకసారి అన్నాను. "నీరసం అమ్మా, గుడ్డు తినుండ్రి," అన్నాడు.

నీరసం కాదని నాకు తెలుసు. స్ట్రెప్టోమైసిన్‌తో చెవికి దెబ్బ తగలొచ్చని ట్రైనింగ్‌లో విన్నదే. అయినా డాక్టరు గారితో చెప్పలేదు. చెబితే ఇంజక్షన్ ఆపేస్తారు, ఆపితే క్యావిటీ మూయదు, మూయకపోతే మళ్లీ డ్యూటీ చేయలేను. నా లెక్క అది. ఇంకో నెల అలాగే వేయించుకున్నాను. ఒకరోజు పద్మ వెనక నుంచి మూడుసార్లు పిలిచిందట. నాలుగోసారి ఏడుస్తూ వచ్చి కాళ్లు చుట్టేసుకుంది. నాకు ఒక్క పిలుపూ వినపడలేదు.

మర్నాడే వెళ్లి చెబితే, సంగారెడ్డి డాక్టరు గారు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి దగ్గర పెట్టి చూశారు. వెంటనే ఇంజక్షన్ ఆపేశారు. మిగతా మందులు కొనసాగించమన్నారు.

"మోత మొదలైననాడే చెప్పవలసిందమ్మా. ఎడమ చెవి పోయింది. కుడిది సగమే ఉన్నది. పోయింది మళ్ల రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

ఏడవాలనిపించింది గానీ ఏడవలేదు. పీఏఎస్ మింగే వేళయింది, మింగాను. మొత్తం ఏడాదిన్నర ఒక్క పూట తప్పలేదు. స్ప్యూటం నెగెటివ్ వచ్చింది, ఆ తర్వాత వరసగా నెగెటివే. ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసింది వేరే డాక్టరు. ఆయన ఊపిరితిత్తులు చూశారు, బరువు చూశారు. చెవుల సంగతి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

డ్యూటీలో చేరాను. మనుషుల పెదాలు చూసి మాట పోల్చుకోవడం అప్పటికి అలవాటైంది. కడుపు మీద చెయ్యి వేస్తే బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పగలిగేదాన్ని. ఫిటోస్కోప్ పెట్టి కడుపులో బిడ్డ గుండె వినాల్సి వచ్చినప్పుడల్లా ఏదో సాకుతో డాక్టరమ్మను పిలిచేదాన్ని. అలా ఐదు వారాలు గడిచాయి.

ఆరో వారం పటాన్‌చెరు బజారులో ధాన్యం వ్యాపారం చేసే వాళ్లింటి నుంచి కబురు వచ్చింది. కోడలు సరోజకు తొలికాన్పు, ఉదయం నుంచి నొప్పులు. డాక్టరమ్మ హైదరాబాద్ మీటింగ్‌కి వెళ్లారు. నేనూ బాలమ్మా వెళ్లాం. సరోజ కడుపు మీద ఫిటోస్కోప్ పెట్టి కుడి చెవి ఆనించాను. నా చెవిలోని హోరు తప్ప ఏమీ లేదు. చోటు మార్చి పెట్టాను. హోరే.

"మంచిగున్నదా సుశీలమ్మా?" అని అడిగింది అత్తగారు అనసూయమ్మ.

"బాగా కొట్టుకుంటోంది," అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలియదు. ఏళ్ల తరబడి అన్న మాట, నోటికి వచ్చేసింది. సరోజ నా చెయ్యి పట్టుకుని నవ్వింది. బాలమ్మ మాత్రం నా మొహం వంకే చూస్తోంది.

గంటలోపే ఉమ్మనీరు పోయింది. ఆకుపచ్చగా ఉంది. లోపల బిడ్డ తట్టుకోలేకపోతోందని దానర్థం. అది వినక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. లేచి అనసూయమ్మ ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, ఇందాక మీకు అబద్ధం చెప్పాను. బిడ్డ గుండె నాకు వినపడలేదు. నా చెవులు పోయాయి. ఇప్పుడు బిడ్డ కష్టంలో ఉంది. వెంటనే సంగారెడ్డి తీసుకుపోవాలి."

"గీ మాట ఇప్పుడు జెప్తవా!" అని ఆమె అరిచింది. ఆ అరుపు నాకు బాగానే వినపడింది. కానీ ఆమె అరుస్తూ నిలబడలేదు. కొట్టు ముందు బస్తాలు దించుతున్న లారీ దగ్గరికి వెళ్లి, "ఇగ దించుడు ఆపుండ్రి! ఉన్నయి పక్కకు జరుపుండ్రి, జల్దీ!" అంది. లారీలో పరుపు వేశాం. దారి పొడవునా సరోజను ఎడమపక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టి పట్టుకున్నాను. బొంబాయి రోడ్డు మీద ప్రతి గుంతా నా వెన్నులో దిగింది.

ఆసుపత్రిలో ఫోర్సెప్స్, అంటే పట్టకారు, వేసి బిడ్డను బయటికి తీశారు. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. నీలంగా, వాలిపోయి వచ్చింది. నోట్లో ముక్కులో పీల్చి శుభ్రం చేశారు, అరికాళ్లు తట్టారు. ఏడుపు నాకు వినపడలేదు. నోరు తెరుచుకోవడం, డొక్క ఎగరడం చూశాను. బాలమ్మ వైపు తిరిగాను. "ఏడుస్తున్నదమ్మా, గట్టిగనే ఏడుస్తున్నది," అంది.

అనసూయమ్మ బయట నా దగ్గరికి వచ్చింది. "ఇగ మా ఇంట్ల నువ్వు కాన్పు చెయ్యకు. గని ఆ మాట నువ్వే చెప్పినవు. చెప్పకపోతే నా మనుమరాలు దక్కకపోతుండె," అంది. రెండు మాటలూ న్యాయమే.

ఇంటికి రాగానే మిడ్‌వైఫ్ రిజిస్టర్ నుంచి పేరు తీయించుకుంటానని మా ఆయనతో చెప్పాను.

"బిడ్డ బతికింది కదా. వినే పని బాలమ్మ చేస్తుంది, మిగతాది నువ్వు చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"ఇంతకాలం ఎవరికీ తెలియలేదు, అందుకే ఇంతదాకా వచ్చింది," అన్నాను.

డాక్టరమ్మ కూడా ఆపబోయారు. "లాంగ్ లీవు పెట్టు, తొందరపడకు. మిడ్‌వైఫ్ సర్టిఫికెట్ ఎందుకు వదులుకుంటావు?" అన్నారు. లీవు అంటే తిరిగి వచ్చేది. నా చెవులు తిరిగి రావు. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఎప్పుడో ఒక నొప్పుల కబురు వస్తుంది, నేను మళ్లీ బ్యాగు పట్టుకుని బయల్దేరతాను. నా సంగతి నాకు తెలుసు.

సెంటర్‌కి కొత్త మిడ్‌వైఫ్ వచ్చేదాకా నెల రోజులు ఆగాను. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని నా ఊళ్లన్నీ తిప్పి, నెలలు నిండినవాళ్లను పరిచయం చేశాను. నేను ఎందుకు మానేస్తున్నానో ప్రతి ఇంట్లోనూ నా నోటితోనే చెప్పాను. తర్వాత హైదరాబాద్ వెళ్లి నర్సుల కౌన్సిల్ ఆఫీసులో సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాను. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"పోగొట్టుకున్నోళ్లు వస్తరు, పేరు మార్చుకునేటోళ్లు వస్తరు. వాపస్ ఇచ్చెటోళ్లను సూడలే. కారణం ఏమని రాయాలె?"

"వినపడదు అని రాయండి."

"గంతేనా?"

"అంతే."

బయటికి వచ్చాక బస్‌స్టాపులో కూర్చుని ఏడ్చాను. చాలాసేపే ఏడ్చాను. తర్వాత పటాన్‌చెరు బస్సు ఎక్కాను.

ఇది జరిగి ఏళ్లయింది. ఇప్పుడు డెబ్బైలు కూడా అయిపోవస్తున్నాయి. పొలాలున్న చోట షెడ్లు లేచాయి, ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చారు. సంగారెడ్డి డాక్టరు గారి సలహాతో వారానికి నాలుగు రోజులు ఆ కూలీల ఇళ్ల వరసల్లో తిరుగుతున్నాను. సూదులు వేయను, నాడి పట్టను. టీబీ మందు మధ్యలో మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి, మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్తాను, అంతే. కుడి చెవికి మెషిన్ పెట్టుకున్నాను. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీతో, "జోర్ సే బోలో భాయ్," అంటే అందరూ గట్టిగానే మాట్లాడతారు. నిరుడు ఒక వెల్డరు, ఇంజక్షన్లు మొదలైన మూడో వారంలో, చెవిలో ఈల వేసినట్టుందని నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఆ పూటే బస్సెక్కించి డాక్టరు గారి ముందు కూర్చోబెట్టాను. మందు మార్చారు. జబ్బూ తగ్గింది, చెవులూ మిగిలాయి.

చదివేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. స్ట్రెప్టోమైసిన్ వేయించుకుంటున్నప్పుడు చెవిలో చిన్న మోత వచ్చినా, నేల కాస్త తూగినా, మర్నాటి సూదికి ముందే డాక్టరుకు చెప్పండి. కంపౌండరుకు చెప్పి ఊరుకోవద్దు. మందు ఆపేస్తారేమోనని భయపడి దాచవద్దు. దానికి బదులు ఇంకో మందు ఉంటుంది.