కెప్టెన్ సాబ్ పుట్టి ఎక్కిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సముద్రం మాట రాని రోజు ఉండేది కాదు. మేం ఉండేదేమో బాలానగర్‌లో, ఫ్యాక్టరీ గోడల మధ్య, రెండు గదుల కిరాయి ఇంట్లో. కుళాయిలో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అయినా మా పెదనాన్న నోరు తెరిస్తే తుఫాన్లు, తెరచాపలు, లంగర్లు తప్ప ఇంకోటి వినపడేది కాదు. బిందెలు నింపుకునే హడావుడిలో ఉన్న మా అమ్మకు ఆ కబుర్లు వింటే ఒళ్లు మండేది.

ఆయన మా నాన్నకు అన్న. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. మాది అనంతపురం జిల్లా. వాన కోసం ఆకాశం చూసే ఊళ్లో పుట్టినవాడికి సముద్రం పిచ్చి ఎలా పట్టుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. పగలంతా ఫ్యాక్టరీలో లేత్ మిషన్ ముందు నిలబడి ఇనుము చెక్కేవాడు. సాయంత్రం స్నానం చేసి, వరండాలో పడక కుర్చీ వాల్చుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకున్నాడంటే ఇక పిలిచినా పలికేవాడు కాదు. ఆదివారాలు కోఠీ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు గాలించి తెచ్చేవాడు. ఓడల్లో తిరిగినవాళ్లు రాసుకున్నవి, దారి తప్పిన నావికుల కథలు, గాలుల గురించీ అలల గురించీ లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. పక్కనే అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి. అర్థం కానిచోట పెన్సిల్‌తో అంచున చిన్న ప్రశ్న గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తులు నాకు కనబడేవి గానీ ఎందుకని ఏనాడూ అడగలేదు.

గల్లీలో ఆయన్ని అందరూ కెప్టెన్ సాబ్ అనేవాళ్లు. మొదట ఎవరో ఆటపట్టించడానికే అని ఉంటారు. పోనుపోను అది నిజమేననుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఓడలో పనిచేశానని ఆయన ఎన్నడూ చెప్పలేదు. చెయ్యలేదనీ చెప్పలేదు. కెప్టెన్ సాబ్ అని పిలిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆ పిలుపు ఆయనకు ఎంత ఇష్టమో ఆ నవ్వులో తెలిసిపోయేది. పొద్దస్తమానం ఇనుప రజను మింగే మనిషికి ఆ కాస్త సంతోషం ఉంటే ఎవరికేం నష్టమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అసలు దోషం నాది. తొమ్మిదేళ్ల వయసులో గొప్పలు చెప్పడంలో నన్ను మించినవాళ్లు మా బడిలో లేరు. మా పెదనాన్న ఏడు సముద్రాలూ దాటాడని, ఓడ మునిగిపోతుంటే అందరినీ ఒడ్డుకు చేర్చాడని కోతలు కోసేదాన్ని. అవన్నీ ఆయన పుస్తకాల్లోంచి మాకు చదివి వినిపించిన కథలే. అందులోని మనిషిని లేపేసి ఆ చోట మా పెదనాన్నను కూర్చోబెట్టేదాన్ని, అంతే. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. ఫ్యాక్టరీలో పెదనాన్న పక్క మిషన్ మీద పనిచేసే ఒకాయనది ఖాజాగూడ. ఒక ఆదివారం భోజనానికి రమ్మని మా ఇంటిల్లిపాదినీ పిలిచాడు. ఇప్పుడు ఆ పేరు చెబితే మీకు అద్దాల మేడలు గుర్తొస్తాయి. అప్పట్లో గుట్టలు, బండలు, ఒక చెరువు, నాలుగు ఇళ్లు. బస్సు దిగి కాళ్లు పీకేదాకా నడిచాం. భోజనాలయ్యాక అమ్మా నాన్నా ఇంటి దగ్గరే నడుం వాల్చారు. నేనూ, ఆరేళ్ల మా చెల్లీ, పెదనాన్నా, ఆ ఇంటాయనా, ఆయన వెనక వాడకట్టు పిల్లలందరూ కలిసి చెరువు చూడ్డానికి బయల్దేరాం. చెరువు నిండి మత్తడి దుంకుతోంది. కట్టకు ఆ చివర, మిగులు నీళ్లు రాళ్ల మీంచి కిందికి పడే ఆ మత్తడి దగ్గర, మాట వినపడనంత హోరు.

ఒడ్డున ఒక పుట్టి బోర్లించి ఉంది. వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన, పెద్ద గంపలాంటి గుండ్రటి తెప్ప. ఆ ఇంటాయన అత్తగారిది అది. ఆ అవ్వ అందులో కూర్చునే వలలు వేసేది. పిల్లలు కాసేపు తిప్పమంటే, అక్కడే వల బాగుచేసుకుంటున్న ఆమె కొంగు బిగించి తెడ్డు అందుకోబోయింది. అల్లుడు నవ్వాడు. "కెప్టెన్ సాబ్‌ను పక్కన పెట్టుకుని నువ్వు తోల్తవా అత్తా?" అన్నాడు. పిల్లలంతా పెదనాన్న వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపుతూ ఏదో చెప్పబోయాడు. నేను ఊరుకుంటేనా! సముద్రాలే దాటినాయనకు ఈ చెరువొక లెక్కా అని అందరికీ వినపడేలా అరిచాను.

అప్పుడాయన నన్ను చూసిన చూపు నాకు బాగా గుర్తు. కోపం కాదు. బతిమాలుతున్నట్టు చూశాడు. అన్న మాట నేను వెనక్కి తీసుకుంటానేమోనని ఒక్క క్షణం ఆగాడు. నేను చెల్లెలి చెయ్యి పట్టుకుని పుట్టిలోకి ఎక్కేశాను. ఆయన పంచె పైకి దోపుకుని తెడ్డు తీసుకున్నాడు.

ఒడ్డు పక్కన లోతు లేదు గనక మొదట బాగానే కదిలింది. తర్వాత ఆయన పుస్తకాల్లో చదివిన పద్ధతిలో పక్కన తెడ్డు వేశాడు. ఓడకు ముందుంటుంది, వెనకుంటుంది, దిక్కు తిప్పడానికి చుక్కాని ఉంటుంది. పుట్టికి ఇవేవీ ఉండవు. పక్కన తెడ్డు వేసేసరికి గిర్రున తిరిగింది. రెండో పక్క వేస్తే అటు తిరిగింది. ఆయన వేసేకొద్దీ అది తిరుగుతూనే ఉంది. గుట్టల మీంచి గాలి లేచింది. మేం తిరుగుతూ తిరుగుతూ చెరువు నడిమికి వెళ్లాం. అక్కణ్ణుంచి మెల్లగా మత్తడి వైపు.

ఒడ్డున పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. కెప్టెన్ సాబ్ మాకు వినోదం చూపించడానికి కావాలనే బొంగరంలా తిప్పుతున్నాడనుకున్నారు. ఆ ఇంటాయన కూడా ఈల వేశాడు. వాళ్లు చప్పట్లు కొట్టేకొద్దీ మేం దూరమవుతున్నాం. హోరు దగ్గరవుతోంది. మా చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. పెదనాన్న తెడ్డు అటూ ఇటూ మార్చి మార్చి వేస్తున్నాడు. చల్లటి గాలిలో ఆయన నుదుటి నిండా చెమట. ఆయనకు ఇది నడపడం రాదని నాకు అర్థమైంది.

ఆయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఒడ్డు వైపు తిరిగాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. లేచి ఆయన నోరు మూశాను. చెప్పొద్దు పెదనాన్నా, అందరూ నవ్వుతారు అన్నాను. పక్కన చెల్లెలు ఏడుస్తోంది, మత్తడి చప్పుడు వినపడుతోంది, అయినా నా బాధ నవ్వుతారనే. ఆయన నా చెయ్యి మెల్లగా తీసి, నన్ను అడుగున కూర్చోబెట్టాడు. "నవ్వనీలే పాపా" అన్నాడు.

తర్వాత అరిచాడు. "నాకు రాదు! పడవ నడిపేది నాకు రాదు! ఈత రాదు! సముద్రం నేను కండ్లతో చూసిందే లేదు! బిడ్డలుండారు, చెప్పండి, ఏం చెయ్యాల!"

మొదట అది కూడా వేళాకోళమే అనుకుని నవ్వారు. మళ్లీ అరిచాడు. మళ్లీ. మూడోసారికి గొంతు చీరుకుపోయింది. నవ్వని మనిషి ఆ అవ్వ ఒక్కతే. కట్ట మీద మాకు సమంగా పరుగెత్తుకుంటూ వచ్చింది. "సారూ, పరేషాన్ గాకు! నడుమల కూసో! తెడ్డు పక్కకెయ్యకు, ముందల ఏసి నీ దిక్కు గుంజు! గట్లనే, జర మెల్లగ!" అని అరుస్తూ, తన రెండు చేతులతో గాలిలోనే తెడ్డు వేసి చూపించింది.

అంత చదివిన మా పెదనాన్న ఒకటో తరగతి పిల్లాడిలా ఆమె చేతుల వంకే చూస్తూ అచ్చం ఆమె చూపినట్టే చేశాడు. ముందు తెడ్డు దించి తన వైపు లాక్కున్నాడు. పుట్టి తిరగడం ఆగింది. ఆమె మళ్లీ చెప్పింది, ఆయన మళ్లీ లాగాడు. మత్తడి వైపు జారడం ఆగి, జానెడు జానెడుగా ఒడ్డుకు తిరిగాం. ఈలోగా ఆ ఇంటాయన ఈదుకుంటూ వచ్చి పుట్టి అంచు పట్టుకున్నాడు. నేల తగిలాక కూడా పెదనాన్న తెడ్డు వదల్లేదు. అవ్వే ఆయన వేళ్లు ఒక్కొక్కటి విడదీసి తీసుకుంది.

భయం తీరాక పిల్లలకు నవ్వొచ్చింది. సముద్రమే చూడలేదంట అని ఒకరికొకరు చెప్పుకుంటూ పడీ పడీ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. కబురు తెలిసి అమ్మ పరుగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ గుండెకు హత్తుకుంది. ఈత కూడా రానివాడివి బిడ్డల్ని ఎట్లా ఎక్కించుకున్నావని నాన్న అంతమందిలో అన్నను నిలదీశాడు. పెదనాన్న తప్పంతా తనదేనన్నాడు. పాప అరిచిందనీ, పాపే ముందెక్కిందనీ అనలేదు. నేను పక్కనే ఉండి, విని, నోరు మెదపలేదు.

ఆ వారంలోనే ఆయన గల్లీలో ఇంటింటికీ చెప్పుకొచ్చాడు, ఇకమీదట కెప్టెన్ సాబ్ అనవద్దని. పుస్తకాలు మాత్రం మానలేదు. మానేసింది నేను. ఆ పడక కుర్చీ పక్కన కూర్చోవడం, కథ చెప్పమని అడగడం అన్నీ ఆపేశాను. ఆయన పరువు తీశాడని నా కోపం. ఎవరి పరువు ఎవరు తీశారో ఆలోచించే తెలివి నాకప్పుడు లేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ల తరబడి పొడి పొడి మాటలతో సరిపెట్టాను.

కాలేజీలో ఉండగా మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లారు. మా ఇంట్లో సముద్రం చూసిన మొదటి మనిషిని నేనే. ఇల్లు చేరేసరికి పెదనాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. పుస్తకం మూసి, ఎట్లుంది పాపా సముద్రం, అని అడిగాడు. నాలో ఆ పాత కసి ఇంకా చావలేదు. నీకు తెలియనిదా అన్నాను. దెప్పుతున్నానని ఆయనకు తెలుసు. అయినా మొహం చిన్నబుచ్చుకోలేదు. కుర్చీలో ముందుకు జరిగి, ఆ రోజు అవ్వ చేతుల వంక చూసినట్టే నా మొహంలోకి చూస్తూ, "తెలీదు పాపా, చెప్పు" అన్నాడు.

పెద్దగా ఉంది, చప్పుడు ఎక్కువ అన్నాను. కాళ్లు కడుక్కోవాలని లోపలికి వెళ్లిపోయాను. మరుసటి ఏడు ఆయన నిద్రలోనే పోయాడు. సముద్రం చూడలేదు.

నలభై దగ్గర పడ్డాక నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. అక్కడ తెలీదు అనడం పెద్ద నేరం. మీటింగ్‌లో కొత్త మాట ఏది వినపడ్డా అందరూ తలలు ఊపేవాళ్లు, నేనూ ఊపేదాన్ని. మూడు నెలలు అలా ఊపుతూ ఒక పని నెత్తిన వేసుకున్నాను. ఎటు వేసినా గుండ్రంగా తిరుగుతోందే తప్ప కదలడం లేదు. అందరూ బాగా చేస్తున్నావంటున్నారు. ఒక మధ్యాహ్నం ఆ మెచ్చుకోళ్లు వింటుంటే ఒడ్డున పిల్లల చప్పట్లు గుర్తొచ్చాయి. లేచి, నాకిది రాదు, మొదటి నుంచీ రాదు, ఎవరైనా నేర్పండి అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. నా కూతురంత పిల్ల ఒకతి కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. పెదనాన్నకు దక్కింది ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. రాదని ఆయన అరిచాకే అవ్వ నేర్పగలిగింది. ఆయన నోరు మూసిన నా చెయ్యి అక్కడే ఉండిపోయి ఉంటే మా చెల్లెలు ఉండేది కాదు, నేనూ ఉండేదాన్ని కాదు.

ఇప్పుడు నేనుండేది ఖాజాగూడలోనే, పన్నెండో అంతస్తులో. బాల్కనీలోంచి చూస్తే, కట్టడాలు పోగా మిగిలిన చెరువు కనబడుతుంది. ఆ పడక కుర్చీకి గుడ్డ మార్పించి అక్కడే వేసుకున్నాను. సాయంత్రాలు ఆయన పుస్తకాలు చదువుతాను. అంచుల్లో ఆయన పెట్టిన ప్రశ్న గుర్తుల పక్కన తెలిసినవాటికి జవాబులు రాస్తాను, తెలియనివాటి పక్కన నాదీ ఒక గుర్తు పెడతాను. ఎవరితో మాట్లాడుతున్నా, నాకంటే ఎంత చిన్నవాళ్లయినా, తెలీదు చెప్పు అనడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదు. అలా అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఓపికగా కూర్చుని చెబుతారు. పెదనాన్న సముద్రం ఎట్లుందని అడిగినప్పుడు చెప్పాల్సినదాన్ని నేనే. రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళ్లిపోయాను.