ఖాజాబీ చదివిన ఏడో భాగం

మంగళవారం పదకొండు గంటల టీ అయ్యాక, ఖాజాబీ ఎడంచేత్తో తుడుచుకోవాల్సిన కన్ను కుడిచేత్తో తుడుచుకుంది. ఆ కుడిచెయ్యి, చదవడం మొదలెట్టక ముందు మూడు గంటలు ఎండు మిరపకాయల్లో ఉంది. ఎడంచేతిలో పుస్తకం ఉంది. ఆమె కళ్లవెంట ధారలు కట్టడం చూసి, చుట్టూ కూర్చున్న పద్నాలుగుమంది ఆడవాళ్లు గుర్రం చచ్చిపోయిందనుకుని ఏడవడం మొదలుపెట్టారు. వాళ్లలో ముగ్గురు అవే చేతులతో కళ్లు తుడుచుకున్నారు. గుమస్తా నాగేంద్రబాబు రెండు బిందెల నీళ్లు మోశాడు. పని అరగంట ఆగింది.

గుర్రం చావలేదు. దానికింకా ఒక రెక్క మిగిలే ఉంది.

గుంటూరు శివార్లలో, కోల్డ్ స్టోరేజీ పక్కన, మిరపకాయలకు ముచ్చికలు తీసే షెడ్డది. చకచకా తొడిమలు తుంచే చేతులకు కళ్లతో పెద్దగా పనిలేదు, చెవులతో అసలే లేదు. అందుకని ఏడేళ్ల కిందట, ఏడో తరగతి దాకా చదివిన ఖాజాబీ చేతిలో ఒక పుస్తకం పెట్టారు. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కాబట్టి తలా ఒక దోసెడు తీసిన కాయలు ఆమె గంపలో పోసేవారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ తప్పిందీ లేదు.

ఆ పుస్తకం ఏడు రెక్కల గుర్రం కథ. ఏడాదికొక భాగం వచ్చేది. అందరూ చందాలేసుకుని కొనేవారు. భాగానికొక రెక్క రాలిపోయేది. రాణి నీహార ఆ గుర్రమెక్కి, పోయిన రాజ్యం కోసం మంచుకొండలు దాటుతుండేది. ఈ ఏడు వచ్చిన ఏడో భాగం అట్టమీద 'చివరి భాగం' అని వేశారు. ఖాజాబీ మొదటిరోజే దానికి దినపత్రికతో అట్ట వేసి ఆ రెండు మాటలూ కనపడకుండా చేసింది.

అంతటితో ఆగితే బాగుండేది. మూడోవారానికి సగం పుస్తకం అయిపోయేసరికి, ఇదీ అయిపోతే ఇక చదవడానికేముందని ఆమెకు దడ పుట్టింది. ఒకరోజు పేజీ తిప్పకుండా, పుస్తకంలో లేని ముక్క ఒకటి కల్పించి చదివింది. అందులో ఒక గుడ్డి వైద్యుడు వచ్చాడు. ఆకు వాసన చూసి మందు చెప్పేవాడు. ఒక్కపూటకే రమ్మంది గానీ వినేవాళ్లు అతన్ని పోనివ్వలేదు. అతనికి ఒక గాడిద వచ్చింది. తర్వాత, గాడిద విషయంలో తగవుపడే పెళ్లాం వచ్చింది.

కనిగిరి నుంచి వచ్చిన కూలీల మేస్త్రీ శివపార్వతికి ఆ వైద్యుడంటే ప్రాణం. "మా ఆయన కంటే నయమక్కా. కళ్లు లేకపోయినా ఎదుటి మనిషి మాట వింటాడు," అనేది.

శనివారానికి, ఊళ్లోవాళ్లకు వారం పనికి సరిపోయేంత తప్ప సరుకు అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి కనిగిరి వాళ్లను తీసుకెళ్లే వ్యాను వస్తుంది. పుస్తకంలో పందొమ్మిది పేజీలు మిగిలాయి.

"ఈరోజు తేలిపోవాల," అంది శివపార్వతి. "గుర్రం సంగతి తెలవకుండా నేను బండెక్కేది లేదు."

ఖాజాబీ చదవసాగింది. ఈసారి ఉన్నది ఉన్నట్టే. కల్పించడానికి టైము లేదు.

"వైద్యుడేడి?" అన్నారు ఎవరో.

"వస్తన్నాడు."

"ఎందాకా వచ్చాడు?"

"గాడిద మీద రావాల కదమ్మా, కారా ఏందీ?" అని శివపార్వతే సర్దిచెప్పింది. ఖాజాబీ నుదుటి చెమట, ఈసారి మోచేత్తో, తుడుచుకుంది.

నాలుగు కావస్తుండగా చివరి పేజీ వచ్చింది. ఏడో రెక్క రాలి మంచులో పడింది. గుర్రం మోకాళ్ల మీద కూలింది. రాణి నీహార కోటవైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. అంతే. ఏడేళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాయి. ఖాజాబీ ఆ వాక్యం మీద వేలుపెట్టింది. బయట వ్యాను హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. పద్నాలుగు ముఖాలు ఆమెనే చూస్తున్నాయి.

ఆమె పేజీ తిప్పింది. అక్కడ ప్రచురణకర్తల ఇతర పుస్తకాల పట్టిక ఉంది.

"అప్పుడు," అని చదివింది ఖాజాబీ, 'సులభ యోగాసనాలు' అన్న వరుస మీద కళ్లు నిలిపి, "మంచులో గాడిద గిట్టల చప్పుడు వినపడింది."

'కుట్లు, అల్లికలు' దగ్గర వైద్యుడు గుర్రం భుజాలు తడిమాడు. 'ఇంటింటికీ వంకాయ వంటలు' దగ్గర పసరు పోశాడు. పట్టిక చివరికొచ్చేసరికి గుర్రం లేచి నిలబడింది. రెక్కలు మళ్లీ మొలవలేదు. నడుచుకుంటూ గాడిద వెనకాలే లోయలోకి దిగిపోయింది. తొందరపెట్టడానికి వచ్చిన నాగేంద్రబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

శివపార్వతి ముక్కు చీది లేచింది. లేస్తూ పుస్తకం పట్టుకుంది.

"ఇటియ్యక్కా. మా పిల్ల శ్రీరమ్య చేత మొదట్నించీ చదివించుకుంటా."

ఖాజాబీ పుస్తకం వదల్లేదు. "విన్నావు కదా, మళ్లీ ఎందుకు?"

"ఒకసారి తిన్నాం గదా అని మళ్లీ తినడం మానేస్తామా ఏంది?"

"అట్ట ఊడిపోయింది పార్వతీ. కుట్టించి పంపిస్తాలే."

"మాకు సూదీదారం లేవా? నా చందా కూడా ఉందక్కా ఇందులో."

హారన్ మళ్లీ మోగింది. ఖాజాబీ వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి. వ్యాను దుమ్ములో కలిసిపోయేదాకా ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

తర్వాత నాలుగు రోజులు ఫోను మోగితే ఆమె దాన్ని పాముని చూసినట్టు చూసింది. తిడతారని కాదు భయం. వచ్చే సీజనులో ఆమె నోరు తెరిస్తే, ఇది పుస్తకంలో ఉందా, నీ నోట్లోంచి వచ్చిందా అని ఒక్కరు అడిగితే చాలు. ఆ ఏడేళ్లూ అబద్ధమైపోతాయి. ఇక ఆ గంపలో దోసెడు కాయలు ఎవరు పోస్తారు? పోసినా ఏ ముఖంతో తీసుకోవాలి?

ఐదోరోజు టీవేళ ఫోను ఆగకుండా మోగింది. ఎత్తక తప్పలేదు.

"ఏందక్కా ఇది!" శివపార్వతి గొంతు షెడ్డంతా వినపడింది. "మా పిల్ల అట్ట నించి అట్ట దాకా రెండుసార్లు ఎతికింది. వైద్యుడు లేడు, గాడిద లేదు, ఆయన పెళ్లామూ లేదు! గుర్రం మంచులో పడింది, ఆ రాణి పోయింది, తర్వాత వంకాయ వంటలంట! మమ్మల్ని ఇన్నాళ్లూ ఎర్రోళ్లను చేశావా?"

షెడ్డులో మిగిలిన చేతులన్నీ ఆగాయి. ఖాజాబీ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది.

"ఆ రాసినాయన గుర్రాన్ని మంచులో వదిలేసి పోతే, మనమూ వదిలేసి పోవాలా పార్వతీ?"